కంప్రెషర్ ఆగినా చెవుల్లో హోరు ఆగడం లేదు

తాడిపత్రి దగ్గర ఒక పల్లె నుంచి ఒక అన్న రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి చెబుతున్నాను.

ఆయన వయసు 41. పందొమ్మిదో ఏట జాక్‌హామర్, అంటే కంప్రెషర్ గాలితో రాయి కొట్టే మిషన్, పట్టారు. మొదట కూలికి పోయేవారు. తొమ్మిదేళ్ల కిందట ఫైనాన్స్‌లో ట్రాక్టర్, దానికి కంప్రెషర్ తీసుకున్నారు. బావుల్లో రాయి కొట్టడం, చేలల్లో గుండ్లు పగలగొట్టడం, ఇళ్ల పునాదులు, అప్పుడప్పుడు క్వారీ పని. బుడ్డల కాలంలో అదే ట్రాక్టర్‌కు శెనక్కాయల మిషన్ తగిలించి ఊరూరా తిరుగుతారు. కిస్తీలు ఇంకా రెండేళ్లు కట్టాలి.

రెండేళ్లుగా రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాయి అరిచినట్టు ఉంటోందట. టీవీ సౌండ్ పెంచుతున్నారని భార్య గొడవ. అనంతపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే కూతురు ఫోన్ చేస్తే మాట సగం అర్థం కాదు. అర్థమైనట్టు "ఊ, సరేమ్మా" అంటారు. ఒకసారి ఆ అమ్మాయి ఫీజు గడువు గురించి చెప్పింది, ఈయన "సరేమ్మా" అన్నారు, గడువు దాటిపోయింది. తోడల్లుడి ఇంట్లో పెళ్లి మాటలప్పుడు పెద్దమనిషి ఒకటి అడిగితే ఈయన ఇంకొకటి చెప్పారు. అందరూ నవ్వారు. అప్పటినుంచి నలుగురిలోకి పోవడం తగ్గించారు.

ఆరు నెలల కింద ఆన్‌లైన్‌లో చప్పుడు పడకుండా చెవులకు పెట్టుకునే మఫ్‌లు తెప్పించారు. నాలుగు రోజులు పెట్టుకున్నారు. పని దగ్గర వాళ్లు "ఏమన్నా, పాటలు వింటా పని చేస్తాండావా" అని ఎగతాళి చేశారు. చెమటకు చెవుల చుట్టూ చిరచిర. అయిదో రోజు రాడ్ ఇరుక్కుంది. పక్కన ఉన్న మనిషి ఆపమని అరిచినా వినబడలేదు, కొద్దిలో కాలికి దెబ్బ తప్పింది. రాడ్ ఇరుక్కుందో లేదో చప్పుడును బట్టే తెలుస్తుందని కూడా రాశారు. ఆ రోజు తీసి టూల్ బాక్స్‌లో వేసిన మఫ్‌లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు కొడుకు ఐటీఐ అయిపోయి పని దొరక్క, నాయన వెంట రావడం మొదలుపెట్టాడు. వయసు 19. తల్లికి ఇష్టం లేదు. ఈయన అడిగినవి ఇవి. ఈ హోరు తగ్గుతుందా, చుక్కల మందు ఎవరో అమ్ముతున్నారు, వేయించుకోవచ్చా? పని మానేయాలా? పిల్లోణ్ణి రానియ్యాలా వద్దా? చివర్లో, అడగాలా వద్దా అన్నట్టు రాసిన మాట ఒకటి ఉంది: "పరీక్ష చేయించుకుంటే చెవిటోడని కాగితం ఇస్తారేమో. కూతురి పెళ్లి, నా పనులు అన్నీ పోతాయేమో."

*

అన్నా,

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా మూడూ దాని వెనకే ఆగిపోయాయని నాకు అనిపించింది.

చెవి డాక్టరు దగ్గర చేసే పరీక్షను ఆడియోమెట్రీ అంటారు. చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, సన్నటి శబ్దాలు ఒక్కొక్కటే వినిపిస్తారు. వినబడితే చెయ్యెత్తడమో బటన్ నొక్కడమో చేయాలి. నొప్పి ఉండదు, సూది ఉండదు. ఏ శబ్దం ఎంత గట్టిగా ఉంటే మీకు వినబడుతుందో ఒక చార్టు మీద గీత గీస్తారు. ఆ కాగితం మీ చేతికే ఇస్తారు. మీకు పని ఇచ్చేవాళ్లకు గానీ, ఊరికి గానీ వాళ్లు పంపరు. వికలాంగుల సర్టిఫికెట్ వేరే సంగతి. అది మీరు అడిగి, సదరం క్యాంపుకు పోయి తెచ్చుకుంటేనే వస్తుంది. పరీక్ష చేయించుకున్నంత మాత్రాన ఎవరి మీదా ఆ ముద్ర పడదు. ఇక పెళ్లి మాటల్లో నవ్వినవాళ్లకు మీ చెవి సంగతి ఇప్పటికే తెలుసు. దాని కొలత తెలియనిది మీ ఒక్కరికే.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. మా నాయన కడప జిల్లాలో బండల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు కటింగ్ మిషన్ దగ్గర పనిచేశాడు. చెవుల్లో గుడ్డపేలికలు కుక్కుకునేవాడు. యాభై దాటేసరికి పెళ్లిళ్లకు వచ్చినా పందిట్లో చివరి వరసలో కూర్చునేవాడు, పలకరిస్తే తలూపి ఊరుకునేవాడు. బంధువులు పొగరనుకున్నారు. నేను కూడా కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. మా అక్క ఒకసారి అత్తగారింట్లో ఏదో కష్టం చెప్పుకోవాలని వచ్చింది. నాయనకు చెప్పాలంటే అరవాలి. అరిస్తే వీధికి వినబడుతుంది. రెండు రోజులుండి, చెప్పకుండానే వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా కాలానికి గానీ ఆ సంగతి మాకు తెలియలేదు. మీరు కూతురితో "సరేమ్మా" అన్న చోట చదువుతుంటే నాకు మా అక్కే గుర్తొచ్చింది. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ చెవిలో ఏం జరిగిందో ముందు చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే చిన్న భాగం ఉంటుంది. అందులో వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలు ఒక్కో చెవికి సుమారు 15,000 ఉంటాయి. శబ్దాన్ని పట్టి మెదడుకు పంపేవి అవే. పెద్ద చప్పుడుకు అవి వరిగిపోతాయి. కొద్దిసేపైతే తేరుకుంటాయి. మొదట్లో సాయంత్రం పని దిగాక చెవులు దిమ్మెక్కి, పొద్దున లేచేసరికి మామూలయ్యేవి కదా, అది ఇదే. రోజూ అదే దెబ్బ పడితే ఒక రోజుకు అవి లేవవు. చర్మం తెగితే అతుక్కుంటుంది, గోరు ఊడితే మళ్లీ వస్తుంది, మనిషిలో ఈ కణాలు మాత్రం తిరిగి పుట్టవు. ఇంత సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. చుక్కల మందు అమ్మేవాడు మీకు ఈ మాట చెప్పడు.

చప్పుడు దెబ్బ అన్ని శబ్దాల మీదా ఒకేలా పడదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. పరీక్షలో గీసే ఆ చార్టును ఆడియోగ్రామ్ అంటారు. దాని మీద 4000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత) దగ్గర గీత గుంతలా దిగితే, ఇది మిషన్ల చప్పుడు వల్లే అని డాక్టర్లు అనుమానిస్తారు. మాటల్లో స, శ, చ, త లాంటి అక్షరాలకు పదును వచ్చేది ఈ సన్నటి భాగంలోనే. అందుకే మీకు గొంతు వినబడుతుంది, మాట తెలియదు. మగవాళ్ల గొంతుకంటే ఆడపిల్లల గొంతు కష్టమవుతుంది. ఫోన్‌లో ఇంకా కష్టం, ఎందుకంటే పెదాలు కనబడవు. కూతురు మాట మీద మీకు శ్రద్ధ లేక కాదు ఇలా జరిగింది. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. ఈ రోజే చెప్పండి. వీడియో కాల్ చేయమనండి, డబ్బు, తేదీల సంగతులు మెసేజ్ పెట్టమనండి. మీ ఆవిడను కూడా వంటింట్లోంచి కాకుండా ఎదురుగా వచ్చి మాట్లాడమనండి. టీవీ గొడవ సగం అక్కడే తగ్గుతుంది.

హోరు తగ్గుతుందా అని అడిగారు. దాన్ని తుడిచిపెట్టే చుక్కలు లేవు. వెల్లుల్లి కాచిన నూనె కూడా పోయించుకోవద్దు. చెవి లోపల కాలుతుంది, కర్ణభేరికి రంధ్రం ఉంటే చీము పడుతుంది. అయినా డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే హోరుకు కారణం ఒక్కటే కాకపోవచ్చు. గులిమి గట్టిపడి అడ్డం పడినా ఇలాగే ఉంటుంది, అదైతే తీసేస్తారు. బీపీ, షుగర్ కూడా చూపించుకోండి. హోరు ఒక్క చెవిలోనే ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎప్పుడైనా ఒక చెవి హఠాత్తుగా మూసుకుపోయినట్టు వినికిడి పోతే మాత్రం పొద్దున చూద్దామని ఆగకండి. అది రెండు మూడు రోజుల్లో మందు పడాల్సిన జబ్బు. ఇక రాత్రి పూట గది నిశ్శబ్దంగా ఉంటే హోరు పెద్దదవుతుంది, కాబట్టి ఫ్యాన్ చప్పుడో, తక్కువ సౌండ్‌లో రేడియోనో ఉండనివ్వండి. చాలామందికి కాలం గడిచేకొద్దీ మెదడు దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది. కానీ పగలంతా మిషన్ దగ్గర చెవిని కొడుతూ రాత్రి అది శాంతించాలంటే కుదరదు.

ఇప్పుడు మిషన్ లెక్క. చప్పుడును కొలిచే డెసిబెల్ లెక్క మన కిలోల లెక్కలాంటిది కాదు. మూడు పెరిగితే చాలు, చెవి మీద పడే శక్తి రెట్టింపవుతుంది. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ పెట్టిన హద్దు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు ఉండొచ్చు. 88 అయితే నాలుగు గంటలే. 91 అయితే రెండు, 94 అయితే గంట. 100 దగ్గర పావుగంట. జాక్‌హామర్ పట్టినవాడి చెవి దగ్గర 110 దాటడం మామూలే. అక్కడ రెండు నిమిషాలు కూడా నిండవు. క్యాబిన్ లేని ట్రాక్టర్ లోడు మీద ఉంటే 90 దాటుతుంది, శెనక్కాయల మిషన్ కూడా అంతే. కొలిచే పరికరం లేకపోతే ఒక గుర్తు పెట్టుకోండి: చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడాలంటే మీరు అరవాల్సి వస్తే, ఆ చోటు చెవికి మంచిది కాదు.

మీరు కొన్న మఫ్‌లు దండగ కాలేదు. అవి మీకు పనికిరాలేదనుకుంటున్నారు. వాటితో పాటు కావాల్సినవి లేకపోవడమే అసలు లోపం.

ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందని డబ్బా మీద రాసిన అంకె ప్రయోగశాలలో వచ్చింది. పని చోట అంతా రాదు. చెవి లోపల దూర్చుకునే మెత్తటి ఫోమ్ ప్లగ్గులకైతే అందులో సగం వస్తే మంచిదనుకోవాలి. మఫ్‌లు సరిగ్గా కూర్చుంటే 20 దాకా తగ్గిస్తాయనుకుందాం. 110లో 20 పోతే 90. ఇంకా హద్దు పైనే. అందుకే జాక్‌హామర్ లాంటి పనికి లోపల ఫోమ్ ప్లగ్గు, పైన మఫ్ రెండూ పెట్టుకోమంటారు. రెండింటి అంకెలు కలిపి లెక్క వేయకండి. రెండోది వల్ల ఇంకో అయిదు మాత్రమే తగ్గుతుంది. ఆ అయిదే మిమ్మల్ని హద్దులోకి తెస్తుంది. శెనక్కాయల మిషన్ నడిపేటప్పుడు, ట్రాక్టర్ తోలేటప్పుడు ప్లగ్గులు ఒక్కటే చాలు. దూది, గుడ్డపేలికలు చాలవు. మా నాయన ఇరవై ఏళ్లు నమ్మింది వాటినే.

ఫోమ్ ప్లగ్గులు జత పది, ఇరవై రూపాయలకు దొరుకుతాయి. కానీ చాలామంది వాటిని చెవి అంచున ఆనించి వదిలేస్తారు. చేతులు శుభ్రంగా తుడుచుకుని, ప్లగ్గును వేళ్ల మధ్య బీడీ చుట్టినట్టు సన్నగా, ముడతలు లేకుండా చుట్టండి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి తల మీదుగా వెనక్కి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి. అప్పుడు దారి తిన్నగా అవుతుంది. లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. సరిగ్గా పడితే మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అలా లేదంటే తీసి మళ్లీ పెట్టండి. మఫ్‌ల కింద తలగుడ్డ గానీ, కళ్లద్దాల మందపాటి కాడ గానీ ఉంటే ఆ సందులోంచి చప్పుడు దూరిపోతుంది. ఎండకు తల చుట్టుకోవాల్సిందే, కాదనను. గుడ్డను చెవులపైన ఆపి, మఫ్‌లు నేరుగా చర్మానికి ఆనేలా పెట్టండి. చెమట చిరచిరకు ప్రతి విరామంలో మెత్తలు తుడవండి. మెత్తలు గట్టిపడితే, పగిలితే మార్చాలి, లేకపోతే మఫ్ అలంకారానికే మిగులుతుంది.

ఈ ఉత్తరంలో మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒకటుంది. నిజంగానే 30 డెసిబెల్స్ తగ్గించే మంచి సరుకు మీ దగ్గర ఉందనుకోండి. ఎనిమిది గంటల పనిలో ఏడున్నర గంటలు పెట్టుకుని, అరగంట మాత్రం తీశారు. ఎవరో పిలిచారనో, బీడీ వెలిగించుకుందామనో, రాడ్ ఎలా దిగుతోందో విందామనో. ఆ రోజుకు మీకు దక్కిన రక్షణ 30 కాదు, సుమారు 12. సగం రోజు తీసేస్తే మూడే. చప్పుడు లెక్క రెట్టింపుల లెక్క కాబట్టి ఆ అరగంటలో మిగతా రోజంతా కాపాడుకున్నది కారిపోతుంది. కాబట్టి ఏది కొనాలన్నదానికంటే, దేన్ని తీయకుండా ఉండగలరన్నదే చూసుకోండి. చెమట సంగతి పైన చెప్పాను. అది కాక మీరు ఎందుకు తీసేశారో ఉత్తరంలో ఇంకో మూడు కారణాలు రాశారు. ఆ మూడూ సరైన కారణాలే. ఒక్కొక్కదానికీ దారి వెతకాలి.

మొదటిది ప్రమాదం భయం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. చెవి బాగున్నవాళ్లకు పెద్ద చప్పుడులో మఫ్‌లు పెట్టుకున్నా మాట పెద్దగా తగ్గదు. మాటా చప్పుడూ రెండూ కలిసి తగ్గుతాయి. కానీ వినికిడి తగ్గినవాళ్లకు మాట నిజంగానే పోతుంది. మీకు జరిగింది అదే. అయితే ఆలోచించండి, మఫ్‌లు లేకపోయినా జాక్‌హామర్ కొడుతుండగా అరుపును నమ్ముకోవడం ఏ రోజైనా భద్రమా? అరుపు మీద ఆధారపడటం మానండి. పక్కన నిలబడే మనిషి మీకు ఎదురుగా, మీ కంటికి కనబడే చోట ఉండాలి, వెనక కాదు. పని మొదలుపెట్టే ముందే గుర్తులు నిర్ణయించుకోండి: అరచేయి ఎత్తితే ఆపాలి, రెండు చేతులు తల మీద కత్తెరలా పెడితే గాలి కట్టేయాలి. మాట్లాడాల్సి వస్తే ముందు గాలి కట్టేయాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. క్వారీలో పేలుడు హెచ్చరికలకు ఈల, సైరన్ ఒక్కటే నమ్ముకోకుండా ఒక మనిషి వచ్చి భుజం తట్టి చెప్పాలని మాట్లాడుకోండి. మాటలను లోపలికి రానిచ్చి పెద్ద చప్పుడును ఆపే ఎలక్ట్రానిక్ మఫ్‌లు కూడా ఉన్నాయి. ధర మామూలువాటికంటే బాగా ఎక్కువ. వాటి కోసం ఆగకండి.

రెండోది, రాడ్ ఇరుక్కుందో లేదో చప్పుడును బట్టే తెలుస్తుంది అని రాశారు. ఇరవై రెండేళ్ల పనితనం అది, నాకు అర్థమైంది. కానీ ఆ సంగతి మీ అరచేతులకు కూడా తెలుసు. రెండు వారాలు తీయకుండా పెట్టుకుంటే తగ్గిన చప్పుడులోనే తేడా పట్టడం చెవికి అలవాటవుతుంది. ఆ రెండు వారాలు బావిలాంటి ఇరుకు చోట్ల కాకుండా మైదానంలో పనులు ఒప్పుకోండి.

మూడోది ఎగతాళి. పాటలు వింటున్నావా అన్నవాళ్లలో మీ దగ్గర కూలికి వచ్చేవాళ్లే ఎక్కువమంది అయి ఉంటారు. ట్రాక్టర్ మీది, వాళ్లకు డబ్బులిచ్చేది మీరు. కాబట్టి మీ ఒక్కరికే కాదు, ప్రతి మనిషికీ ఒక జత ఇవ్వండి. అందరి చెవుల్లోనూ ఉంటే ఎగతాళికి మనిషి దొరకడు. వాళ్ల చెవులు మీ బాధ్యత కూడా. "నేను కంప్రెషర్ దగ్గరుంటాను, హామర్ కూలోడికిస్తాను" అనే ఆలోచన మీకు వచ్చి ఉండొచ్చు. ఏమీ ఇవ్వకుండా అలా చేస్తే మీ చెవుడు ఇంకొకరికి ఇచ్చినట్టే. ఇద్దరూ రక్షణ పెట్టుకుని, గంటకొకసారి చేతులు మార్చుకుంటే మాత్రం అది మంచి పద్ధతి. మనిషికి పడే చప్పుడు సగమవుతుంది. చప్పుడు వల్ల వచ్చే చెవుడును చట్టంలోనే వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. ఇది పని వల్ల వచ్చే జబ్బు. మీ బలహీనత కాదు, సిగ్గుపడాల్సిన పని లేదు.

సైలెన్సర్ తుప్పు పట్టి ఊడిపోతే గొట్టం వెల్డింగ్ చేయించానని మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశారు. దాన్ని ముందు మార్పించండి. కంప్రెషర్‌ను మనుషులకు దూరంగా నిలిపి, పైపు పొడుగుది వాడండి. ఆరుబయట దూరం రెట్టింపైతే దాని చప్పుడు సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. మొండి బిట్‌తో కొడితే ఎక్కువసేపు కొట్టాలి, ఎక్కువ చప్పుడు వినాలి. వదులైన రేకులు బిగించండి. జాక్‌హామర్ గాలి బయటికి వచ్చే చోట తొడిగే మఫ్లర్లు ఉంటాయి, మీ కంపెనీ హామర్‌కు దొరుకుతుందేమో అడగండి. చెవుల గురించే అడిగారు గానీ ఒక మాట: రాయిని పొడిగా కొడితే లేచే దుమ్ము ఊపిరితిత్తులను కూడా అలాగే తింటుంది, అది కూడా తిరిగి రాదు. నీళ్లు పోసి కొట్టండి, దుమ్ముకు పనికొచ్చే మాస్క్ కట్టుకోండి.

ఇక పని మానాలా వద్దా. ఈ నిర్ణయం మీరూ మీ ఆవిడా కూర్చుని తీసుకోవాలి. మూడు దారులు నాకు కనబడుతున్నాయి.

ఇప్పుడున్నట్టే పోవచ్చు. కిస్తీలు తీరతాయి. ఈ రెండేళ్లలో ఇంకెంత వినికిడి పోతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు గానీ పోవడం మాత్రం ఖాయం, హోరు కూడా పెరగొచ్చు.

ఇదే పనిని రక్షణతో చేయవచ్చు. ఖర్చు ఒక రోజు డీజిల్ డబ్బులంత కూడా కాదు. ఉన్న వినికిడి చాలావరకు నిలబడుతుంది. కానీ తీయకుండా ఉండాలి, ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవాలి. ఆ గీత కిందికి దిగుతుంటే రక్షణ చాలడం లేదని అర్థం, అప్పుడు మూడో దారి పట్టాలి.

మూడోది హామర్ పని నెమ్మదిగా వదిలి ట్రాక్టర్‌ను ట్రాలీకి, రోటవేటర్‌కు, శెనక్కాయల మిషన్‌కు వాడుకోవడం, కంప్రెషర్ అమ్మడమో బాడుగకు ఇవ్వడమో చేయడం. సీజన్ లేని నెలల్లో రాబడి తగ్గుతుంది, కిస్తీ నెలలు గట్టిగా తగులుతాయి. మీ పరీక్షలో నష్టం బాగా ఎక్కువ అని తేలితే నేనైతే దీనివైపే మొగ్గుతాను. లేకపోతే రెండో దారిలో కిస్తీలు తీర్చి, తర్వాత ఇందులోకి రావడం మీ ఇంటికి అనువుగా ఉంటుందనిపిస్తోంది. ఒక్కసారిగా అన్నీ ఆపేసి అప్పులో పడమని మాత్రం నేను చెప్పను. నిద్ర పట్టని టెన్షన్‌లో హోరు ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

డాక్టరు మిషన్ పెట్టుకోమంటే, అంటే హియరింగ్ ఎయిడ్, సిగ్గుపడకండి. పాత వినికిడి రాదు గానీ కూతురి మాట తేటపడుతుంది, చాలామందికి హోరు కూడా తగ్గినట్టు ఉంటుంది. పని దగ్గర మాత్రం దాన్ని తీసి జేబులో పెట్టి ప్లగ్గులు పెట్టుకోవాలి. ఆపేసిన ఎయిడ్ చప్పుడును అడ్డుకోదు.

అబ్బాయి సంగతి దగ్గర నాకు ఎక్కువ ఆరాటంగా ఉంది. వాడి చెవి ఇంకా నిండుగా ఉంది. మొదటి రోజులు సాయంత్రం దిమ్మెక్కుతుంది, పొద్దునకు పోతుంది, "నాకేం కాలేదు" అనుకుంటాడు. మీరూ 19లో అలాగే అనుకుని ఉంటారు. వాళ్లమ్మ వద్దంటోందంటే ఇరవై ఏళ్లుగా మీ పక్కన బతికి, చూసి అంటోంది. ఆ మాటను ఆడమనిషి భయం అని తోసెయ్యకండి. రావద్దంటే వాడు ఖాళీగా ఉంటాడు, ఇంట్లో కోపాలు పెరుగుతాయి, ఇంకో కంప్రెషర్ దగ్గర ఏ రక్షణా లేకుండా చేరే అవకాశం కూడా ఉంది. రమ్మంటే కళ్ల ముందు ఉంటాడు, కానీ మీరు పెట్టుకోనిది వాడు పెట్టుకోడు. నా ఆలోచన: ఐటీఐ సర్టిఫికెట్‌తో అప్రెంటిస్‌షిప్‌లకు అప్లై చేస్తూ ఉండమనండి. అది వచ్చేలోగా మీ వెంట రానివ్వండి. హామర్ చేతికివ్వకుండా ట్రాక్టర్, లెక్కలు, మిషన్ రిపేర్లు నేర్పండి. సైట్‌లో ఉన్నంతసేపు ప్లగ్గులు చెవుల్లో ఉండాలి, ఇంటికొచ్చాక ఇయర్‌ఫోన్ సౌండ్ తగ్గించాలి. ఇవి ఒప్పుకోకపోతే రావద్దని ముందే చెప్పండి. పని మొదలుపెట్టకముందే వాడికి కూడా ఒక ఆడియోగ్రామ్ చేయించండి. రేపు తేడా వస్తే పోల్చి చూడటానికి ఆ మొదటి కాగితం తప్ప ఇంకేదీ పనికిరాదు.

పరీక్షకు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి పొండి. కర్నూలు, కడపల్లో కూడా పెద్దాసుపత్రులున్నాయి గానీ మీకు అనంతపురమే దగ్గర. కూతురి హాస్టల్ కూడా అక్కడే, చూసి రావచ్చు. ముందు రోజు మధ్యాహ్నం నుంచే మిషన్ ఆపేయండి, ట్రాక్టర్ మీద కాకుండా బస్సులో వెళ్లండి. చప్పుడు విన్న చెవితో పరీక్షకు కూర్చుంటే గీత తప్పుగా వస్తుంది. కనీసం పద్నాలుగు గంటలు చెవికి విశ్రాంతి ఉండాలి. ఏ మిషన్ దగ్గర ఎన్నేళ్లు, రోజుకు ఎన్ని గంటలు చేశారో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. టీబీకి గానీ, పెద్ద ఇన్‌ఫెక్షన్లకు గానీ సూదులు వేయించుకుని ఉంటే అది కూడా రాయండి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ లాంటివి చెవిని దెబ్బతీస్తాయి. మీ ఆవిడను వెంట తీసుకెళ్లండి. డాక్టరు చెప్పేది ఇద్దరూ వినాలి, మీకు అందని మాట ఆమెకు అందుతుంది.

అబ్బాయినీ అదే రోజు తీసుకెళ్లండి. రెండు చార్టులూ చేతికి వచ్చాక పక్కపక్కన పెట్టి, 4000 దగ్గర మీ గీత ఎక్కడుందో, వాడి గీత ఎక్కడుందో వాడికే చూపించండి. ఆ రెండు అంకెలూ నాకు రాసి పంపండి. హామర్ సంగతి, కిస్తీల సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.